బ్రసెల్స్‌లో ఒక్క పూటే ఉంటే హోర్టా ఇల్లు చూడొచ్చా?

తప్పకుండా చూడండి. హోర్టా ఇల్లంటే విక్టర్ హోర్టా అనే ఆర్కిటెక్టు తనకోసం కట్టుకున్న ఇల్లు, ఇప్పుడది మ్యూజియం. మీకున్న అనుమానాలు రెండు: ఫోటోలో పక్కిళ్లలాగే ఉంది, లోపల అంత ఏముంటుంది అని ఒకటి, ఆర్కిటెక్చర్ ఓనమాలు తెలియని మాకు అర్థమవుతుందా అని రెండోది. నేను బెల్జియంలో స్ట్రక్చరల్ డిజైన్ పని చేస్తాను. ఇంటికి చుట్టాలొస్తే ముందు అక్కడికే తీసుకెళ్తుంటాను, కాబట్టి నాకు కాస్త పక్షపాతం ఉందనుకునే చదవండి.

బయట నుంచి మామూలుగా కనిపించడంలో వింతేం లేదండి. 19వ శతాబ్దంలో బ్రసెల్స్‌లో కట్టిన ఇళ్లు చాలావరకు ఒకే అచ్చు. వీధి వైపు సన్నగా, వెనక్కి పొడుగ్గా, అటూ ఇటూ ఉమ్మడి గోడలు. లోపల ముందు గది, నడిమి గది, తోట వైపు గది వరసగా, ఒక పక్కన నడవా, ఆ నడవాలోనే మెట్లు. ముందు గదికీ వెనక గదికీ కిటికీలుంటాయి, నడిమి గదికి వెలుతురెక్కడిది? పట్టపగలు కూడా దీపం పెట్టుకోవాల్సిందే, అందులోనూ ఇక్కడ చలికాలమంతా మబ్బే.

విక్టర్ హోర్టా సరిగ్గా ఆ నడిమి చీకటి మీదే పడ్డాడు. 1893లో ఎమిల్ తాసెల్ అనే ప్రొఫెసర్‌కి కట్టిన ఇంట్లో, వీధి వైపు ఒక భాగం, తోట వైపు ఒక భాగం కట్టి, రెండిటినీ మధ్యలో ఉక్కు చట్రంతో కలిపి, దాని మీద గాజు కప్పు వేశాడు, మెట్లు అక్కడికి తెచ్చాడు. అప్పటిదాకా ఉక్కు, ఇనుము బయటికి కనిపించేది రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీల్లో, మొక్కలు పెంచే గాజు షెడ్లలో. డబ్బున్నవాళ్ల ఇంట్లో, అదీ హాల్లో, దూలాలూ స్తంభాలూ దాచకుండా వదిలేయడం అప్పట్లో చిన్న సాహసం కాదు. ఇటుక గోడ మోయాల్సిన బరువుని ఒక సన్నటి ఇనుప స్తంభం మోసేస్తే ఆ గోడ అక్కర్లేదు, గోడ పోతే పైనుంచి దిగిన వెలుతురు పక్క గదుల్లోకి కూడా పోతుంది. అందరూ చెప్పుకునే ఆ తీగల్లా మెలికలు తిరిగే రెయిలింగ్‌లు, గోడల మీద గీతలు చాలా బాగుంటాయి, కాదనను, కానీ నా మటుకు అవన్నీ దీని తర్వాతే.

తాసెల్ ఇంట్లోకి ఊరికే వెళ్లి చూసే వీల్లేదు, అందుకే మీరు చూడాల్సింది హోర్టా సొంతానికి కట్టుకున్న ఇల్లు. సాన్-జిల్ ప్రాంతంలో, 1898 నుంచి 1901 మధ్య కట్టాడు. ఒకటి కాదు, పక్కపక్కనే రెండు: 25వ నంబరు కాపురానికి, 23వది ఆఫీసుకి. లోపల రెండూ కలుస్తాయి. వెళ్లినప్పుడు రోడ్డుకి అవతల నిలబడి రెండిటి ఎలివేషన్లూ, అంటే వీధి వైపు ముఖాలు, కాసేపు పోల్చి చూడండి, ఏది ఇల్లో ఏది పని చేసుకునే చోటో ఎవరూ చెప్పకుండానే కిటికీలని బట్టి తెలిసిపోతుంది.

లోపల మెట్ల దగ్గర తొందరపడకండి. మన మండువా లోగిలిలో నడిమధ్య ఆకాశానికి తెరిచిన చోటు ఏ పని చేస్తుందో ఇక్కడ ఈ మెట్లు ఆ పనే చేస్తాయి, వాన మాత్రం లోపల పడదు. పైకెక్కే కొద్దీ వెలుతురు పెరుగుతూ పోతుంది, చివరికొచ్చేసరికి తలమీద పసుపు, తెలుపు గాజు కప్పు, రెండు పక్కలా ఎదురెదురుగా అద్దాలు. ఒక అద్దంలో ఇంకో అద్దం కనబడి, ఆ మెట్లకి అంతే లేనట్టుంటుంది. ఆ అద్దాలు షోకి పెట్టినవి కావు, పైనుంచి వచ్చిన కాస్త వెలుతురునీ రెండింతలు చేసి కిందికి పంపడానికి. మబ్బు పట్టిన రోజున వెళ్లినా అక్కడ ఎండ కాసినట్టే ఉంటుంది, నిజానికి నేనైతే మబ్బు రోజే వెళ్లమంటాను. మెట్ల మొదట్లో స్తంభంలా నిలబడి ఉండేది కూడా ఊరికే స్తంభం కాదు, హీటింగ్ రేడియేటర్.

భోజనాల గది గోడలకి మరక పడితే తుడిచేసుకునే రకం నున్నటి తెల్ల ఇటుకలు వాడాడు. అప్పట్లో అలాంటివి వంటగదులకీ, వెలుతురు తక్కువుండే పెరటి గోడలకీ వాడేవారు, అతిథుల్ని కూర్చోబెట్టే గదికి ఎవరూ పెట్టరు. చెబితే ఆసుపత్రిలా ఉంటుందేమో అనిపిస్తుంది, కానీ లేత రంగు చెక్క, బంగారు ఛాయ, కమానుల్లా వంగిన కప్పు కలిసి ఆ తెలుపుని మెత్తగా మార్చేస్తాయి. తోట వైపు నుంచి వచ్చిన వెలుతురు ఆ ఇటుకల మీద పడి మెరుస్తుంటే ఎందుకు పెట్టాడో చూడగానే తెలిసిపోతుంది. ఇక పడకగదిలో మంచం పక్కన బీరువాలాంటిది తెరిస్తే లోపల మూత్రశాల! మావాళ్లందరూ ఇంటికెళ్లాక చెప్పుకునేది దీని గురించే.

హోర్టా ఈ ఇల్లు 1919లో అమ్మేశాడు. తర్వాత చాలాకాలం ఈ తరహా కట్టడాలంటే ఎవరికీ లెక్కలేదు, ఆయన కట్టిన కార్మికుల భవనం మెజాన్ దు పప్ల్‌ని దేశదేశాల ఆర్కిటెక్టులు వద్దంటున్నా 1965లో కూల్చేశారు. సొంతిల్లు మాత్రం 1960ల మొదట్లో అక్కడి మునిసిపాలిటీ కొనడంతో బతికి, 1969లో మ్యూజియం అయింది. హోర్టా దగ్గర పనిచేసిన జాన్ డెలే దీన్ని నిలబెట్టడానికి చాలా పాటుపడ్డాడు. 2000లో ఈ ఇల్లు, హోర్టానే కట్టిన తాసెల్, సోల్వే, వాన్ ఎట్‌వెల్డె ఇళ్లు, నాలుగూ కలిపి యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. ఇందులో వాన్ ఎట్‌వెల్డె గురించి ఒక మాట: ఆయన బెల్జియం రాజు లియోపోల్డ్ ఆఫ్రికాలోని కాంగోని పిండుకున్న రోజుల్లో ఆ పాలనలో పెద్ద అధికారి. ఆయన ఇంట్లో గాజు గుమ్మటం కింద ఉన్న హాలు ఎంత అందంగా ఉన్నా ఆ డబ్బు ఎక్కడిదో నాకు గుర్తురాకుండా ఉండదు.

ఇక పనికొచ్చే విషయాలు. ఇల్లు చిన్నది, ఒకేసారి ఎక్కువమందిని వదలరు, కాబట్టి ఆన్‌లైన్‌లో టైం స్లాట్ ముందే బుక్ చేసుకోండి. మెట్లు చాలా ఎక్కాలి, మీతో వచ్చేవాళ్లలో ఎవరికైనా మోకాళ్ల నొప్పులుంటే వాళ్లతో ఒకసారి మాట్లాడి నిర్ణయించుకోండి. గంట నుంచి గంటన్నర చాలు. దగ్గర్లో జాన్సన్ ట్రామ్ స్టాప్ ఉంది, తాసెల్ ఇల్లు కూడా అక్కణ్నుంచి నడిచే దూరమే, కనీసం బయట నుంచైనా చూసి పోవచ్చు. రెండో పూట కూడా దొరికితే అవెన్యూ లూయీజ్‌లో సోల్వే ఇంటికి వెళ్లండి, కాకపోతే అది అన్ని రోజులూ తెరవరు, ముందుగా వెబ్‌సైట్ చూసుకోండి.