కలుపు మొక్క జన్యువులతో వేరుశనగకు పనేమిటి?

ప్రశ్న: శాస్త్రవేత్తలు ఒక కలుపు మొక్క జన్యువులను వేరుశనగ జన్యువులతో పోల్చి కొత్త రకాలు తెస్తున్నారని, వ్యవసాయ డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి చెబుతున్నాడు. ఆ మొక్కకూ మా చేనుకూ సంబంధం ఏమిటి? అలా వచ్చిన విత్తనం జన్యుమార్పిడి విత్తనమేనా?
– ఒక రైతు, పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: మీ అబ్బాయి చెబుతున్నది అరబిడాప్సిస్ గురించి అయి ఉంటుంది. ఆవాల కుటుంబానికి చెందిన ఈ చిన్న మొక్క పంటగా దేనికీ పనికిరాదు. అయితే నెలన్నర, రెండు నెలల్లోనే మళ్లీ విత్తనానికి వస్తుంది, జన్యుక్రమం (కణంలోని మొత్తం డీఎన్ఏ వరుస) కూడా చాలా చిన్నది కావడంతో మొక్కలన్నింటిలో మొదటగా 2000లో దీని క్రమాన్నే చదివారు. వేరుశనగ క్రమం దీనికి సుమారు 20 రెట్లు పెద్దది. పైగా దక్షిణ అమెరికాకు చెందిన రెండు అడవి జాతుల కలయికతో పుట్టిన పంట కనుక, చాలా జన్యువులు ఇందులో రెండేసి ఉంటాయి. ఆ అడవి జాతుల క్రమాలు 2016లోనూ, సాగు వేరుశనగ క్రమం 2019లోనూ వెలువడ్డాయి.

పోలిక వల్ల కలిగిన లాభం నూనెలో స్పష్టంగా కనిపిస్తుంది. నూనెలోని ఓలిక్ అనే కొవ్వు ఆమ్లాన్ని లినోలిక్ అనే మరో కొవ్వు ఆమ్లంగా మార్చే ఫ్యాడ్-2 జన్యువును 1994లో అరబిడాప్సిస్‌లో గుర్తించాక, ఇతర నూనెగింజల్లో అదే పని చేసే జన్యువును వెతకడం సులువైంది. అరబిడాప్సిస్‌లో అది ఒక్కటే కాగా, వేరుశనగలో ఒక్కో పూర్వీకుడి నుంచి ఒక్కొక్కటి చొప్పున రెండున్నాయి. ఒకటి చెడినా రెండోది ఆ పని చేస్తూనే ఉంటుంది కనుక, రెండూ పనిచేయని మొక్కలోనే ఓలిక్ ఆమ్లం 80 శాతం దరిదాపులకు చేరుతుంది. అటువంటి గింజలు, నూనె త్వరగా ముక్కిపోవు. 2020లో విడుదలైన గిర్నార్-4, గిర్నార్-5 ఈ కోవకు చెందినవి. సహజంగా మార్పు చెందిన మొక్కలతో సంకరం చేసి, సంతతిలో రెండు మార్పులూ ఉన్నవాటిని జన్యు గుర్తుల (మార్పు ఉందో లేదో తెలిపే డీఎన్ఏ ఆనవాళ్ల) సాయంతో ఏరి తీసిన రకాలివి. జన్యుమార్పిడి విత్తనాలు కావు.

అన్నిటికీ అరబిడాప్సిస్ చాలదు. దాని వేళ్లకు నత్రజని బుడిపెలు రావు కనుక, ఆ విషయానికి మెడికాగో అనే పప్పుజాతి మొక్కను ఆధారంగా తీసుకుంటారు. ఊడలు నేలలోకి దిగడం గురించి మాత్రం వేరుశనగనే చదవాలి. మీ చేనును పీడించే తిక్కా ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను తట్టుకునే గుణమూ అరాకిస్ కార్డెనాసీ అనే అడవి వేరుశనగ నుంచే వచ్చింది.

అధిక ఓలిక్ రకం వేయదలిస్తే, దానికి విడిగా ధర ఇచ్చే కొనుగోలుదారు ఉన్నారో లేదో ముందుగా తెలుసుకోండి. వేరుశనగలో స్వపరాగ సంపర్కమే ఎక్కువ కాబట్టి పక్క చేనితో భయం తక్కువ. కాయలు కోసేటప్పుడు, ఎండబెట్టేటప్పుడు వేరే రకంతో కలవకుండా చూసుకోవాలి. మీ నేలకు తగిన రకం కోసం తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానాన్ని సంప్రదించండి.