జైలు గుమ్మంలోనే ఆగిపోయిన జీవితచరిత్ర

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నీవు పంపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి జీవితకథ చదివాను. వాక్యం నడపడం నీకు తెలుసు. ఆ మాట మళ్లీ చెప్పను. నాకు ఒళ్లు మండించింది చివరి పేజీ. వేలూరు జైలుకు సగం పుస్తకం కేటాయించిన నీవు, 1911లో ఆయన విడుదలైన తరువాతి కాలాన్నంతటినీ ‘ఆపై విద్యాసేవలో తరించారు’ అన్న ఒక్క వాక్యంతో సాగనంపావు. ఆయన కన్నుమూసింది 1960లో. జైలులో ఉన్నది మూడేళ్లయితే, బయట పనిచేసింది దాదాపు యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లూ ఏమైనట్టు?

సమరయోధుడి కథ చెరసాల గుమ్మంలోనే ముగియాలన్న ఈ మోజు నీకు పంద్రాగస్టు ప్రత్యేక సంచికల నుంచి అంటుకున్నది. చాలా ఏళ్ల కిందట ఈయన గురించే నేను రాసిన వ్యాసంలో గ్రంథాలయాల భాగమంతా ఒక సంపాదకుడు కత్తిరించి, జైలు మాత్రం ఉంచి, పైన ‘సింహగర్జన’ అని తన సొంత శీర్షిక తగిలించి అచ్చువేశాడు. అడగడానికి వెళితే, పుస్తకాల బీరువాల గోడు ఎవరికి కావాలండీ అన్నాడు. పారితోషికం కూడా జైలు వరకే లెక్కగట్టి ఇచ్చాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

జైలు గురించి రాయవద్దని నేను అనడం లేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన తరువాత రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ నుంచి బహిష్కృతుడైన యువకుడు, మరుసటి ఏడు మన బెజవాడకు వచ్చి ‘స్వరాజ్య’ వారపత్రిక పెట్టాడు. తమిళనాట స్వదేశీ ఉద్యమ నాయకుడు చిదంబరం పిళ్లై అరెస్టు తరువాత తిరునల్వేలిలో జరిగిన కాల్పుల మీద రాసిన సంపాదకీయానికి రాజద్రోహం కేసు పడింది. కింది కోర్టు వేసిన శిక్ష చాలదని పై కోర్టు దానిని మూడేళ్లకు పెంచింది. ఒక చిన్న వారపత్రికను చూసి ప్రభుత్వం ఎంత బెదిరిందో ఈ ఒక్క సంగతే చెబుతుంది. అందుకోసం జైలరు ఎదుట నాయకుడి చేత నీవు చేయించిన పేజీల కొద్దీ ఉపన్యాసం అక్కర్లేదు. అసలు ఆయన ఆ ఉపన్యాసం చేశాడని నీకు ఎవరు చెప్పారు? అదే కేసులో శిక్షపడిన బోడి నారాయణరావు మాత్రం నీ కథలో ఒక్కసారి కూడా కనిపించడు.

రాసినందుకు శిక్ష అనుభవించిన మనిషి, మిగిలిన జీవితంలో అధికభాగాన్ని చదివేవాళ్లను తయారుచేయడానికి వెచ్చించాడు. ఆయనను అర్థం చేసుకోవడానికి అంతకంటె మంచి దారి నాకు కనిపించలేదు. 1914 ఏప్రిల్‌లో ఇదే ఊళ్లో, రామమోహన గ్రంథాలయంలో, అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో, చిలకమర్తి వారి అధ్యక్షతన తొలి గ్రంథాలయ మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. తరువాతి కాలంలో గాడిచర్ల ఆ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడు. వయోజన విద్య కోసం ఆయన పడిన శ్రమ వేరే. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర వైపు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. నీవు పుట్టిన ప్రాంతంలో కాలువగట్టు పల్లెల వాళ్లు పడవ కోసం ఎదురుచూసి పుస్తకాలు తీసుకున్న రోజులు అవి. నీ పుస్తకంలో వాటి నీడ కూడా పడలేదు. ఆ పడవ పక్కన నీ సంకెళ్ల వర్ణన వెలవెలబోతుంది.

పటమటలో సర్వోత్తమ భవనం ఉంది. ఆయన పేరు మీదనే ఉన్న ఆ భవనానికి వెళ్లి, ఆ సంఘం పత్రిక ‘గ్రంథాలయ సర్వస్వం’ పాత సంచికలు చూపించమని అడుగు. అక్కడ గర్జనలు దొరకవు. సభల తీర్మానాలు, చందాల వివరాలు, ఊరూరా గ్రంథాలయాల కబుర్లు దొరుకుతాయి. విసుగుపడకుండా చదువు. నీ పుస్తకం రెండో సగం అందులో ఉంది.

ముందుమాట అడిగావు. ఉపన్యాసం తీసివేసి, 1911 తరువాతి భాగం రాసి పంపు, అప్పుడు చూద్దాం. కలంపేరు గురించి, ప్రచురణకర్తల గురించి నీవు అడిగినవి ఈ ఉత్తరంలో పట్టవు. రాతప్రతి వేరే టపాలో పంపుతున్నాను. అంచుల్లో రాసినవన్నీ నీకు నచ్చకపోవచ్చు, అయినా ఒకసారి చదువు.