కొత్త సంగీతానికి ఆడిషన్: కమాను, చెవి, ఆ తర్వాతే స్కోరు

ప్రశ్న: మాది విజయనగరం. చిన్నప్పుడు తాతగారి దగ్గర కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. తర్వాత చెన్నైలో పాశ్చాత్య వయొలిన్ నేర్చుకుని ట్రినిటీ ఎల్‌టీసీఎల్ డిప్లొమా పాసయ్యాను. ఇప్పుడు బీకాం చివరి ఏడాది. సమకాలీన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో విదేశంలో మాస్టర్స్ చేయాలని ఉంది. ఆడిషన్‌కి ఏం వాయించాలి? పాత కర్ణాటక సాధన పనికొస్తుందా, అడ్డమవుతుందా?

జవాబు: వయొలిన్ తీసే ముందు ఒక పని చేయండి. మీరు చేరాలనుకుంటున్న సంస్థల అడ్మిషన్స్ ఆఫీసులకు ఈమెయిల్ రాయండి. ‘డిగ్రీ బీకాం, సంగీతంలో ఎల్‌టీసీఎల్ ఉంది, నాకు అర్హత ఉందా?’ అని సూటిగా అడగండి. ఎల్‌టీసీఎల్‌ని బ్రిటన్‌లో డిగ్రీ చివరి ఏడాది స్థాయిగా లెక్కిస్తారు. అయినా సంగీతంలోనే డిగ్రీ ఉండాలనే చోట్లు ఉన్నాయి. జవాబు రాకుండా ఒకే సంస్థ మీద ఆశంతా పెట్టుకోవద్దు.

ఈ సంగీతానికే ప్రత్యేకంగా కోర్సులున్న చోట్లు తక్కువ. న్యూయార్క్‌లోని మన్‌హాటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో కాంటెంపరరీ పెర్ఫార్మెన్స్ పేరుతోనే మాస్టర్స్ ఉంది. 1980లో మొదలై, ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న ఎన్సెంబుల్ మోడర్న్ బృందం, తన అకాడమీ ద్వారా అక్కడి సంగీత విశ్వవిద్యాలయంతో కలిసి మాస్టర్స్ నడుపుతోంది. ఏం వాయించాలో ప్రతి సంస్థా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ముందు అది చదివి, ఆ తర్వాతే రచనలు ఎంచుకోండి.

చూడటానికే భయం పుట్టించే స్కోరును (రచన రాసి ఉండే స్వరలిపిని) ఎంచుకోవడం చాలామంది చేసే పొరపాటు. మీకైతే నేను ఫిన్లాండ్ స్వరకర్త సారియాహో ‘నాక్టర్న్’ చెబుతాను. పోలండ్ స్వరకర్త లూటోస్వావ్‌స్కీ స్మృతిలో 1994లో ఒంటరి వయొలిన్‌కి రాసిన చిన్న రచన అది. దానికి తోడు ఇటలీ స్వరకర్త బెరియో ఒంటరి వయొలిన్‌కే రాసిన ‘సెక్వెంజా 8’ (1976). ఇది రెండే స్వరాలను, ఎ, బి లను, ఇరుసుగా పెట్టుకుని తిరుగుతుంది. దాని వెనక, ఒంటరి వయొలిన్‌కి బాఖ్ రాసిన ‘షకోన్’ నీడ ఉంటుంది. అందుకే మూడోదిగా ఆ షకోన్‌నే పెట్టుకోండి. రెండూ పక్కపక్కన వింటే, మీరు ఆలోచించి ఎంచుకున్నారని ప్యానెల్‌కి వేరే చెప్పక్కర్లేదు. బాఖ్‌లో శ్రుతి తప్పితే మాత్రం కొత్త సంగీతం మిమ్మల్ని కాపాడదు.

నాక్టర్న్ లాంటి రచనల్లో అసలు పరీక్ష కుడిచేతికే. కమాను, వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు మీద నుంచి మెల్లగా తీగలను మోసే బ్రిడ్జి దగ్గరికి, మళ్లీ వెనక్కి జరగాలి. రోజూ పది నిమిషాలు డి తీగ ఒక్కటే పట్టుకోండి. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, ఎనిమిది లెక్కల్లో ఆ చివర నుంచి ఈ చివరకు జరపండి. వేగం మారకూడదు, ఒత్తిడి మారకూడదు. మొదట్లో బ్రిడ్జి దగ్గర తీగ కీచుమంటుంది. ఆ కీచు ఎక్కడ మొదలవుతోందో, ఎక్కడ గాజు మీద రాసినట్టు సన్నని స్వరంగా మారుతోందో మీ చెవికి పట్టుబడాలి. అది పట్టుబడితే, కమాను జరపమని చెప్పే స్కోరులోని బాణం గుర్తులు అర్థమవుతాయి.

ఇక మీ కర్ణాటక సాధన. లయలో అది పెద్ద ఆస్తి. ఒక బీటులో ఐదు, వెంటనే ఏడు వచ్చినప్పుడు తోటి విద్యార్థులు కాగితం మీద లెక్కలు వేసుకుంటారు. మీరు తదిగిణతొం, తకిట తకధిమి అని నోటితో చెప్పి వాయించేస్తారు. మొహమాటపడకుండా అలాగే సాధన చేయండి. అడ్డమయ్యేది గమకం. వైబ్రాటో (వేలు ఊపి స్వరాన్ని కంపింపజేయడం) లేకుండా నిశ్చలంగా నిలిపే స్వరం ఈ సంగీతంలో చాలాసార్లు అడుగుతారు. మీ ఎడమచేతి వేలు స్వరం చేరే ముందు తెలియకుండానే కాస్త జారుతుంది. రికార్డు చేసి సగం వేగంలో వినండి, దొరికిపోతుంది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఊరి అమ్మాయి ఆ అలవాటును మరిచిపోవాలని నేను అనను. కావలసిన చోట పెట్టడం, వద్దన్న చోట ఆపడం చేతకావాలి. ఆడిషన్ చివర కృతి ఒకటి తగిలించకండి. ఇంటర్వ్యూలో మీ నేపథ్యం అడిగినప్పుడు చెప్పండి.

ఇంటర్వ్యూలో ‘జీవించి ఉన్న స్వరకర్తతో కలిసి పనిచేశారా?’ అని అడగొచ్చు. చెన్నైలో కంపోజిషన్ చదువుతున్న స్నేహితులెవరైనా ఉంటే మూడు నిమిషాల రచన రాయించుకుని, ఇద్దరూ కూర్చుని దాన్ని సవరించండి. ఈ అనుభవం ఏ సర్టిఫికెట్‌తోనూ రాదు.

అమెరికాలో చాలాచోట్ల ప్రీస్క్రీనింగ్ వీడియోకి (ఆడిషన్‌కి పిలిచే ముందు వడపోత కోసం అడిగేది) గడువు డిసెంబరు 1. ఒక్కో రచన ఒకే టేకులో, ఎడిటింగ్ లేకుండా ఉండాలి. ఫోన్‌లో శబ్దాన్ని తానంతట తాను సరిచేసే సెట్టింగులు సన్నని స్వరాలను చప్పుడనుకుని మింగేస్తాయి. అందుకే విడిగా రికార్డర్ తెచ్చుకోండి, ఫ్యాన్లు ఆపేయండి. ఆదివారం ఖాళీగా ఉండే స్కూలు హాలు అడిగితే ఇస్తారు.

డబ్బు మాట ఇంట్లో ఇప్పుడే మాట్లాడండి. మన్‌హాటన్‌లో ట్యూషనే ఏడాదికి 50 వేల డాలర్లు దాటుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌ది ప్రభుత్వ విశ్వవిద్యాలయం కాబట్టి ప్రధానంగా సెమిస్టర్ రుసుము, అక్కడ ఉండే ఖర్చు చూసుకోవాలి. ఈ చదువు తర్వాత నెల జీతం ఉద్యోగం వెంటనే దొరకదు. కచేరీలు, పాఠాలు, ప్రాజెక్టులు కలిపి బతుకు నడుపుకోవాలి. స్కాలర్‌షిప్ లేకుండా ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లొద్దని మీ నాన్నగారికి నా మాటగా చెప్పండి.

వీడియోకి నెల ముందు తాతగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు రచనలూ ఆపకుండా వాయించండి. ఎక్కడ ఆయన మనసు పక్కకు పోయిందో అడిగి, ఆ చోటు స్కోరులో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. మర్నాడు సాధన అక్కణ్నుంచే మొదలుపెట్టండి.