రోజు విడిచి రోజు గోలీ

హన్మకొండ

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వు మాటల మధ్య అన్న ఒక్క మాటకు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. "మామయ్య గోలీలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు పెద్దమ్మా, నెల మందులు రెండు నెలలు వస్తున్నాయి" అన్నావు. అప్పుడే చెప్పాల్సింది. పక్కన పిల్లలు అల్లరి చేస్తున్నారు, ఫోన్లో చెబితే సగమే చెవిన పడుతుందని ఆగాను. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదివి, మీ ఆయనకు కూడా చదివి వినిపించు.

ముందు ఇది చేయి. ఇవ్వాళ్టి నుంచి మామయ్య గోలీలు రోజూ వేసుకోవాలి. మానిన రోజులవి కలిపి రెండేసి వేసుకోవద్దు, చీటీలో ఎలా ఉంటే అలాగే. ఎన్నాళ్ల నుంచి ఇలా చేస్తున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. దాస్తే ఏమవుతుందో నేను చాలా ఇళ్లలో చూశాను. డాక్టరు బీపీ చూస్తాడు, ఎక్కువుంటుంది. రోజూ వేసుకుంటున్నారనే అనుకుని ఇంకో మందు కలుపుతాడు. మిగిల్చుకున్న డబ్బుకు రెండింతలు పోతుంది. పైగా మామయ్య గుండె రక్తనాళంలో స్టెంట్ ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ డాక్టరు ఆపమంటే తప్ప ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టవచ్చు. అప్పుడు మళ్లీ గుండెపోటే.

మీ అమ్మమ్మకు పక్షవాతం ఎలా వచ్చిందో నీకు మేమెవరం సరిగ్గా చెప్పలేదు. అప్పటికి నేను ఏటూరునాగారం వైపు ఒక పీహెచ్‌సీలో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. ఊళ్లో వాళ్లందరికీ గోలీలు లెక్కపెట్టి చేతిలో పెట్టేదాన్ని. మా అమ్మకు మాత్రం బీపీకి వరంగల్‌లో కంపెనీ మందు కొని పంపేదాన్ని, మా అమ్మ కదా, మంచిది వాడాలని. ఆమెకు చదువు రాదు కానీ అంకెలు వచ్చు. షీటు వెనకాల ధర చూసింది. బిడ్డ జీతమంతా నాకే పోతోందని ఎవరికీ చెప్పకుండా రెండు రోజులకొకటి, తర్వాత నాలుగు రోజులకొకటి వేసుకుంది. కాలూ చెయ్యీ పడిపోయి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చేర్చాక, బట్టల కోసం సందుగ తెరిస్తే చీరల కింద మూటగట్టి పదకొండు షీట్లు దొరికాయి. మళ్లీ కొనే పని లేకుండా దాచిపెట్టింది.

అంతకంటే నన్ను కాల్చిన సంగతి ఇంకొకటి ఉంది. అమ్మ మూటగట్టిన ఆ మందు అటెనోలాల్. నేను పీహెచ్‌సీలో రోజూ ఊరికే ఇస్తున్న గోలీ కూడా అటెనోలాలే. మందు ఒక్కటే, పేరే వేరు. ఆ సంగతి తెలిసిన మనిషిని, ఇంట్లో తల్లికి చెప్పలేకపోయాను. నీకు చెప్పకుండా మాత్రం ఉండను.

గోలీల షీటు చేతిలోకి తీసుకో. దాని మీద రెండు పేర్లుంటాయి, ఒకటి కంపెనీ పెట్టుకున్న పేరు. ఇంకొకటి అసలు మందు పేరు, పక్కనే ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. నీకు కావలసింది ఆ అసలు పేరు. ఒక సాయంత్రం కూర్చుని ఇంట్లో ఉన్న షీట్లన్నీ, చీటీలన్నీ చాప మీద పరిచి, నోటుబుక్కులో అసలు పేర్లు రాసుకో. ఇలా చేసినప్పుడు ఎక్కువ ఇళ్లలో బయటపడేది ఏమిటంటే, గుండె డాక్టరు ఒక గ్యాస్ గోలీ రాస్తాడు, మోకాళ్ల డాక్టరు ఇంకో పేరుతో ఇంకోటి రాస్తాడు. రెండూ పాంటోప్రజోలే. ఇలాగే కొలెస్ట్రాల్‌కు ఒక చీటీలో అటోర్వాస్టాటిన్, ఇంకో చీటీలో రోసువాస్టాటిన్. ఒకటే పని చేసే రెండు మందులు ఒకే కడుపులోకి వెళ్తుంటాయి. అది డబ్బు దండగే కాదు, ఒంటికీ మంచిది కాదు. అలాంటివి కనిపిస్తే నువ్వే తీసేయకు, డాక్టరుకు చూపించు.

ఆ నోటుబుక్కులోనే ప్రతి మందు పక్కన నెలకు ఎంతవుతుందో కూడా రాయి. బలానికని, నరాలకని, ఎముకలకని రాసినవి కింద వేరే రాయి. చాలా బిల్లుల్లో ప్రాణం నిలబెట్టే మందులు చవకగానే ఉంటాయి, బలం గోలీలూ టానిక్కులే బిల్లును మోస్తుంటాయి.

ధరల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఇది తెలియకే మనవాళ్లు నష్టపోతున్నారు. తప్పనిసరి మందులని కేంద్రం ఒక జాబితా పెట్టింది. 2022లో సవరించిన ఆ జాబితాలో 384 మందులున్నాయి. అమ్లోడిపిన్, టెల్మిసార్టన్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, అటోర్వాస్టాటిన్, క్లోపిడోగ్రెల్ అన్నీ అందులోవే. జాబితాలోని మందులకు ఎన్‌పీపీఏ అనే సంస్థ గరిష్ఠ ధర కడుతుంది, ఏ కంపెనీ అయినా దాన్ని దాటకూడదు. జాబితాలో లేని వాటికి మామూలుగా అలా ధర కట్టరు, ఏడాదికి 10 శాతం మించి పెంచొద్దన్న అదుపు ఉంటుంది. అందుకే ఒకే గోలీలో రెండు మూడు మందులు కలిపి రాసినప్పుడు, విడివిడిగా కొంటే ఎంతవుతుందో అడుగు. విడి మందులకు కట్టిన ధర ఆ కలిపిన గోలీకి వర్తించకపోవచ్చు. ఒక్కోసారి కలిపిందే చవక పడుతుంది, లెక్క వేసుకోవాల్సిందే. విడిగా మార్చడం మాత్రం డాక్టరు చేత రాయించుకున్నాకే.

చీటీ పాతబడినా నష్టమే. షుగర్‌కు వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ గోలీ ఒక్కటి దాదాపు 60 రూపాయలుండేది. 2025 మార్చిలో దాని పేటెంటు గడువు తీరింది. వెంటనే బోలెడన్ని కంపెనీలు అదే మందును 5 నుంచి 15 రూపాయల మధ్య తెచ్చాయి. కానీ మూడేళ్ల నాటి చీటీ పట్టుకుని షాపుకు వెళ్లేవాళ్లకు ఇప్పటికీ పాత పేరే చేతికొస్తుంది. మీ అత్తమ్మ షుగర్ చీటీ ఏ సంవత్సరానిదో చూడు. ఇంకో మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో అది కూడా చూసుకో.

ఇక కొనేది ఎక్కడంటే, జన ఔషధి కేంద్రాల్లో అడుగు. అక్కడ మందు అసలు పేరుతోనే ఉంటుంది, కంపెనీ మందుతో పోలిస్తే సగం ధర, కొన్నింటికి ఐదో వంతే. మీ పరకాల దగ్గర ఎక్కడుందో 'జన ఔషధి సుగమ్' యాప్‌లో కనిపిస్తుంది, ధరలు కూడా అందులోనే చూడొచ్చు. ఒక ఇబ్బంది ఉంది, కొన్నిసార్లు స్టాకు ఉండదు. అందుకే మందులు అయిపోవడానికి పది రోజుల ముందే ఫోన్ చేసి కనుక్కో. మామూలు మెడికల్ షాపులో 'జనరిక్ ఇస్తాను, 20 శాతం తగ్గిస్తాను' అంటే వెంటనే సంబరపడకు. జనరిక్ అంటే పెద్ద కంపెనీ పేరు లేని అదే మందు; అలాంటివి కొన్ని షాపుకు చాలా తక్కువకు వస్తాయి, షీటు మీద ఎమ్మార్పీ మాత్రం కంపెనీ మందంత ముద్రిస్తారు. తగ్గింపు ఎంత అన్నది కాదు, గోలీ ఒక్కటి ఎంతకు పడుతోంది అన్నది చూడు. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకో, బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. ఎమ్మార్పీ కంటే ఎక్కువ అడిగితే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల ఉచిత నంబరు 1800-599-6969 ఉంది.

మీ ఊరి ఆశా వర్కర్‌ను అడిగావా? బీపీ, షుగర్ ఉన్నవాళ్ల పేర్లు ఆమె దగ్గర రాయించుకుంటే సర్కారు నుంచి నెలకు సరిపడా గోలీలు ఊరికే వస్తాయి. మీ అత్తమ్మ 'సర్కారు గోలీలు పనిచేయవు' అంటుందని నాకు తెలుసు. ముప్పై ఏళ్లు ఆ గోలీలు ఇచ్చిన చేయి నాది. వాటితోనే బీపీ అదుపులో పెట్టుకుని మనవల పెళ్లిళ్లు చూసినవాళ్లు నాకు తెలుసు. నమ్మకం లేకపోతే మందు మారిన తర్వాత రెండు వారాలకు పల్లె దవాఖానలో బీపీ చూపించుకోమను, అంకెలే చెబుతాయి. నీరసంగా ఉందని నెలకోసారి ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటోంది కదా, ముందు అది మాన్పించు. ఆ డబ్బుతో ఆమె నెల మందులు వస్తాయి.

మామయ్యకు స్టెంట్ ఆరోగ్యశ్రీలోనే వేశారు కాబట్టి, ఆ ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను కలిసి తర్వాతి పరీక్షలు, మందులు కూడా పథకం కింద వస్తాయా అని అడుగు. కొన్ని ఆపరేషన్లకు అలా ఇస్తారు. చాలామంది డిశ్చార్జి కాగితం మడిచి బీరువాలో పెడతారు, ఆ మాట ఎవరూ అడగరు.

డాక్టరును అడగడానికి నీకు భయం. 'పేదవాళ్లమని చులకనగా చూస్తారేమో' అన్నావు పోయినసారి. మందు ధర ఎంతో చాలామంది డాక్టర్లకు తెలియదు బిడ్డా, రాసేది వాళ్లు, కొనేది మనం. లోపలికి వెళ్లగానే నోటుబుక్కు తెరిచి ఇలా చెప్పు: "సార్, మందులకు నెలకు ఇంతవుతోంది, మాకు మోయడం కష్టంగా ఉంది, ఖర్చుకు భయపడి మామయ్య మధ్యలో మానేశారు కూడా. వీటిలో తప్పనిసరిగా వాడాల్సినవి ఏవి? అసలు పేరుతో రాసిస్తారా?" వైద్య మండలి నిబంధనల్లోనే డాక్టర్లు మందుల అసలు పేర్లు స్పష్టంగా రాయాలని ఉంది. అది వాదించడానికి కాదు, నువ్వు అడిగేది తప్పు కాదని నీకు తెలియడానికి చెబుతున్నాను. మందులు ఆసుపత్రి కింద ఉన్న షాపులోనే కొనాలని ఎవరైనా అంటే, చీటీ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేయి.

కొన్ని మందుల్లో మాత్రం చవక కోసం కంపెనీ మార్చొద్దు. థైరాయిడ్, ఫిట్స్ మందులు, రక్తం పలుచన చేసే వార్ఫరిన్ లాంటివి కొంచెం తేడా వచ్చినా ఒంట్లో తేడా చూపిస్తాయి. మీ ఆడబిడ్డ ఫిట్స్ గోలీ జోలికి అసలే పోకండి, మార్చాల్సి వస్తే డాక్టరు చెప్పాలి, తర్వాత రక్త పరీక్ష కావాలా అని కూడా ఆయన్నే అడగాలి. అలాగే గోలీ పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉంటే కొత్తదానికీ అదే ఉండాలి. అవి నెమ్మదిగా కరిగే గోలీలు, విరిచి సగం చేయకూడదు. ఇన్సులిన్ సూది కూడా షాపువాడి మాట మీద మార్చవద్దు.

ఆదివారం రా. మామయ్యను కూడా తీసుకురా, పరకాల నుంచి పొద్దున బస్సుకు వస్తే ఎండెక్కక ముందే ఇంట్లో ఉంటారు. గోలీల సంచి మొత్తం తేవాలి, ఖాళీ షీట్లు కూడా పారేయకు. డిశ్చార్జి కాగితం మరిచిపోవద్దు. నోటుబుక్కు నువ్వు మొదలుపెట్టు, మిగతాది ఇద్దరం కూర్చుని రాద్దాం. సోమవారం నేనే మీతో పాటు డాక్టరు దగ్గరికి వస్తాను.

ఈ రాత్రి మామయ్య గోలీలు వేసుకున్నాక, ఎంత ఆలస్యమైనా నాకు ఒక ఫోన్ చేయి.

మీ పెద్దమ్మ