పేషెంట్లు వరుసగా కూర్చుంటే గుండెదడ.. ఇది బీపీయేనా?

ప్రశ్న: నా వయసు 27. విజయనగరంలో ఒక పళ్ల ఆసుపత్రిలో డెంటల్ హైజీనిస్ట్‌గా పనిచేస్తున్నాను. రోజూ నెల్లిమర్ల నుంచి బస్సులో వచ్చి వెళతాను. రోజుకు ఎనిమిది, తొమ్మిది మందికి స్కేలింగ్ (పళ్ల గార తీయడం) చేయాలి. మధ్యాహ్నానికే మెడ, భుజాలు పట్టేస్తాయి. బయట పేషెంట్లు కూర్చుని ఉన్నారంటే గుండె దడదడలాడుతుంది. కాస్త నొప్పి పుడితే చాలు, వాళ్లు నా మీద కేకలేస్తారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటే మందుల షాపులో తెలిసినాయన నిద్రమాత్ర ఇస్తానన్నాడు. ఇది బీపీనా? మాత్ర వేసుకోవచ్చా?
– ఒక సోదరి, విజయనగరం

జవాబు: మాత్ర వద్దమ్మా. డాక్టరు రాయకుండా నిద్రమాత్ర మొదలుపెడితే, కొన్నాళ్లకు అది లేకపోతే కన్ను మూతపడదు. ఒకవేళ ఇప్పటికే రోజూ వేసుకుంటుంటే మాత్రం ఒక్కసారిగా మానేయకండి, డాక్టరును అడిగి తగ్గించుకోవాలి.

బీపీ ఉందో లేదో దడను బట్టి చెప్పలేం. మీ ఆసుపత్రిలోనే మిషన్ ఉంటుంది కదా. టీ తాగి అరగంట దాటాక, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని చూపించుకోండి. ఒక్కసారి చూసి వదిలేయకుండా, వేర్వేరు రోజుల్లో చూడాలి. 140/90 దాటుతుంటే ఫిజీషియన్‌ని కలవండి. మీరు రాసినదాన్ని బట్టి నాకైతే ఈ దడ పని కుర్చీ దగ్గరే పుడుతోందనిపిస్తోంది. మందు కూడా అక్కడే వెతకాలి. ఇంటికెళ్లి ధ్యానం చేయండి అని నేను చెప్పను. చేస్తే మంచిదే, కానీ రాత్రి బస్సు దిగి ఇంటికి చేరే మనిషికి అది ఇంకో పని అప్పగించడమే.

ముందు మెడ సంగతి చూద్దాం. తల నాలుగైదు కిలోల బరువుంటుంది. వంచి ఉంచినంతసేపూ ఆ బరువును మెడ వెనక కండరాలే లాగి పట్టుకోవాలి. మీరు పేషెంట్ మీదికి వంగే బదులు, కుర్చీ ఎత్తి పేషెంట్ నోరు మీ మోచేతి ఎత్తుకు తెచ్చుకోండి. పై పళ్లకు కుర్చీ బాగా వాల్చి, గడ్డం పైకెత్తమనండి. కింది పళ్లకు గడ్డం దించమనండి. ఒకే చోట కూర్చుని మెలికలు తిరగకుండా స్టూలును పేషెంట్ తల వెనక్కి జరుపుకోండి. పై పళ్లు అద్దంలో చూసి చేసే అలవాటు తగ్గిపోతే మళ్లీ తెచ్చుకోండి. గార గీకే స్కేలర్ మొద్దుబారితే వేళ్ల మీద రెట్టింపు ఒత్తిడి పడుతుంది, పదును పెట్టించుకోండి. గ్లవ్స్ బిగుతుగా ఉన్నా చేయి తొందరగా అలసిపోతుంది.

చిగురు కింద గార తీస్తున్నప్పుడు ఒకసారి గమనించుకోండి. చాలామంది తెలియకుండానే ఊపిరి బిగబడతారు, పళ్లు కొరుక్కుంటారు. పేషెంట్ పుక్కిలించి ఉమ్మే అర నిమిషం మీదే. పరికరం కింద పెట్టి, భుజాలు దించి, కిటికీలోంచి దూరంగా ఉన్నదేదైనా చూడండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. వదలడం ఎక్కువసేపు ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కేకలేసే పేషెంట్ చాలావరకు భయపడ్డ పేషెంటే. మొదలుపెట్టే ముందే "నొప్పనిపిస్తే ఎడమ చెయ్యెత్తండి, వెంటనే ఆపేస్తాను" అని చెప్పండి. ఎత్తినప్పుడు నిజంగానే ఆపండి. మరీ జివ్వుమంటుంటే మత్తు ఇవ్వమని డాక్టరు గారినే అడగండి. తిట్లు మీరు పడక్కర్లేదు.

అసలు చిక్కు అపాయింట్‌మెంట్ పుస్తకంలో ఉంది. మన విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవారి పళ్లకు పట్టిన నల్లగార ఒక్క సిట్టింగ్‌లో వదిలేది కాదు. ఆ పెద్దామెకూ, ఆర్నెల్లకోసారి క్లీనింగ్‌కు వచ్చే కాలేజీ కుర్రాడికీ ఒకే అరగంట రాస్తే మీకు టెన్షన్ రాక ఏమొస్తుంది? మీ డాక్టరు గారి దగ్గర "నాకు కష్టంగా ఉంది" అని ఆగిపోకండి. గార ఎక్కువున్నవాళ్లకు రెండు సిట్టింగులు ఇద్దామని, ఇద్దరి మధ్య కుర్చీ తుడిచి పరికరాలు మార్చడానికి పది నిమిషాలు వదులుదామని అడగండి. తొందరలో మీ చేతికి పరికరం గుచ్చుకుంటే ఆయనకూ తలనొప్పే. అన్నట్టు, రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు హెపటైటిస్-బికి టీకా మూడు డోసులూ పూర్తి చేశారా? లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి, సగం భయం పోతుంది. అడ్డపొగ తాగేవారి అంగిలి మీద తెల్లమచ్చో, మానని పుండో కనిపిస్తే డాక్టరు గారికి చూపించండి. అదేమిటో తేల్చడం ఆయన పని, ఇంటికెళ్లి మీరు కుమిలిపోనక్కర్లేదు.

భోజనం ఎగ్గొట్టి టీలతో నెట్టుకొస్తే దడ పెరుగుతుంది. సాయంత్రం తర్వాత టీ వద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు ఒకసారి చేయించండి, రెండింట్లో దేనివల్లయినా ఇలాంటి దడ రావచ్చు.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట తిమ్మిరెక్కి మెలకువ వస్తున్నా, చేతిలో పట్టు తగ్గినా ఎముకల డాక్టరుకు చూపించండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోయినా, ఏదీ చేయాలనిపించకపోయినా మానసిక వైద్యుణ్ని కలవండి. అంతదాకా ఆగలేననిపిస్తే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.