అన్నవరం ప్రసాదం తిన్నాక బాబుకి దద్దుర్లు వచ్చాయన్నావు కదా

అమ్మలూ,

నిన్న నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. ప్రసాదం రెండు ముద్దలు తిన్న పది నిమిషాలకే ఒళ్ళంతా దద్దుర్లు, పెదవి వాపు అన్నావు. అది గోధుమ నూకతో చేసేదే. కానీ అందులో నెయ్యి, యాలకులు కూడా ఉంటాయి, కాబట్టి గోధుమేనని మనమే తేల్చేయకూడదు. డాక్టర్‌ని చూసేదాకా మాత్రం గోధుమ పెట్టకు, ఇంట్లో కొంచెం పెట్టి చూద్దామని అసలు అనుకోకు.

ఏం తిన్నాడు, ఎంతసేపటికి వచ్చింది, ఎప్పుడు తగ్గింది, అన్నీ రాసిపెట్టు. పరీక్షల కంటే ముందు డాక్టర్ అడిగేది అదే. మా మనవడికీ ఇలాగే గోధుమ పడేది కాదు. వాడికి ప్రిక్ టెస్ట్, అంటే చర్మం మీద చిన్నగా గుచ్చి చూసే అలర్జీ పరీక్ష, అనగా ముందురోజు దురదకని నేను సెట్రిజిన్ వేశాను. ఆ మందు ఒంట్లో ఉంటే టెస్ట్ సరిగ్గా తేలదని వెనక్కి పంపారు. ఎన్ని రోజుల ముందు ఆపాలో నువ్వు ముందే అడుగు. రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టే కాదు. అనుమానం మిగిలితే హాస్పిటల్లోనే కొంచెం కొంచెం తినిపించి చూస్తారు.

ఎవరో సీలియాక్ అన్నారన్నావు. అది వేరు, గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు. నెలల తరబడి విరేచనాలు, బరువు పెరగకపోవడం లాంటివి ఉంటాయి. దాని రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా తేలుతుంది. అది కూడా చూడాలా అని డాక్టర్‌నే అడుగు.

గోధుమేనని తేలితే తిండికి టెన్షన్ పడకు. అన్నం, ఇడ్లీ, రాగి జావ, జొన్న రొట్టె ఉండనే ఉన్నాయి. చిక్కల్లా గోధుమని తెలియకుండా తినేవాటితోనే. బొంబాయి రవ్వ, సేమియా, మైదా అన్నీ గోధుమే. మైసూర్ బజ్జీ, బొబ్బట్లలో మైదా ఉంటుందని తెలిసిందే, ఇంగువ డబ్బా మీద కూడా చదువు, చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలోనూ గోధుమ ఉంటుంది. చపాతీ కాల్చిన పెనం మీద వాడి దోసె వెయ్యకు.

మళ్ళీ ఎప్పుడైనా ఊపిరి కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, దద్దుర్లతో పాటు వాంతులైనా, మత్తుగా వాలిపోయినా సెట్రిజిన్ వేసి చూస్తూ కూర్చోవద్దు. అప్పుడు ప్రాణం నిలిపేది తొడకిచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కి ఫోన్ చెయ్యి. ఆ ఇంజెక్షన్ ఇంట్లో ఉంచుకోవాలా, ఎంత ఇవ్వాలి అన్నది డాక్టర్ చేత కాగితం మీద రాయించుకో.

మీ అత్తగారికి పండక్కి ముందే నెమ్మదిగా చెప్పు, దద్దుర్ల ఫోటోలు చూపించు. "కొంచెం తింటే ఏమవుతుంది" అనేది ప్రేమతోనే. మా మనవడి విషయంలో నేనూ అన్నాను, ఆ రాత్రి వాణ్ణి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం.

చాలామంది పిల్లలకి పెద్దయ్యేకొద్దీ ఇది పోతుంది. మావాడికి ఏడో ఏట హాస్పిటల్లో తినిపించి చూశారు, ఇప్పుడు చపాతీ తింటున్నాడు. శుక్రవారం డాక్టర్‌ని చూశాక ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ