థాడియస్ స్టీవెన్స్ గురించి రాసేముందు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

పంతొమ్మిదో శతాబ్దంలో బానిసత్వాన్ని ఎదిరించిన అమెరికా వకీలు, రాజకీయ నాయకుడు స్టీవెన్స్ మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ ఏమీ అనుకోకు, ఆయన్ని నిలబెట్టి దండ వేసేశావు, కదలనివ్వలేదు. వకీలు సంగతి ఉపన్యాసాల్లో కన్నా కేసు కట్టల్లో తెలుస్తుందమ్మా.

1821 నాటి కేసును ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే ఆగాలి. బయటి రాష్ట్రం యజమాని తన బానిసను పెన్సిల్వేనియాలో ఆరు నెలలకు మించి ఉంచితే 1780 చట్టం ప్రకారం ఆ బానిసకు విముక్తి. మేరీలాండ్ నుంచి తెచ్చిన చారిటీ బట్లర్, తాను వచ్చిపోయిన రోజులన్నీ కలిపితే గడువు దాటిందంది. ఆరు నెలలూ ఏకధాటిగా ఉండాల్సిందేనని యజమాని పక్షాన వాదించి గెలిచింది స్టీవెన్సే. ఆమె, ఆమె పిల్లలు బానిసలుగానే మిగిలారు.

ముప్ఫై ఏళ్ల తర్వాత, 1851లో, పెన్సిల్వేనియాలోని క్రిస్టియానా అనే ఊళ్లో, పారిపోయి వచ్చిన బానిసల్ని పట్టుకోబోయిన యజమాని ఘర్షణలో చనిపోయాడు. ఆ గొడవలో రాజద్రోహం నేరం ఎదుర్కొన్న కాస్ట్నర్ హాన్వే తరఫు లాయర్లలో స్టీవెన్స్ ఒకడు. హాన్వే నిర్దోషిగా బయటపడ్డాడు. ఈ రెండు కేసుల్నీ పక్కపక్కన పెట్టు, చాలు. రుజువు లేని పశ్చాత్తాపాన్ని ఆయన నోట పెట్టకు.

వెర్మాంట్‌లో పుట్టడం, పుట్టుకతో వంకరపాదం, డార్ట్‌మత్ చదువు రెండు వాక్యాల్లో తేల్చెయ్. 1835 ప్రసంగానికి మాత్రం చోటివ్వు. అంతకు ముందు ఏడాది తెచ్చిన ఉచిత పాఠశాలల చట్టాన్ని రద్దు చేయాలని పెన్సిల్వేనియా శాసనసభ ఉరకలేస్తుంటే, గాలిని మళ్లించిన ప్రసంగమది. నన్నడిగితే 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ను పదవి నుంచి దించాలని ఆయన ముందుండి నడిపిన అభిశంసన కన్నా ఇదే గట్టి పని. అభిశంసన గురించి అందరూ రాస్తారు, ఇది రాయరు.

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో స్టీవెన్స్ సమాధి మీద ఆయనే రాయించుకున్న మాటలున్నాయి. మిగతా శ్మశానాల నిబంధనలు జాతిని బట్టి మనుషుల్ని ఆపుతున్నాయి కాబట్టి ఇక్కడ పడుకున్నానని. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించు. పక్కన ‘ఎంత గొప్ప మనసు!’ అన్నావు చూడు, అది కొట్టెయ్.

ఇంకొకటి. ఇరవై ఏళ్లు వరసగా కాంగ్రెస్‌లో, అంటే అమెరికా చట్టసభలో, ఉన్నాడని రాశావు. 1849 నుంచి 1853 దాకా ఒక విడత, 1859 నుంచి 1868లో పోయేదాకా ఇంకో విడత. సరిచేసి మళ్లీ పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు.

మీ మామయ్య